చెరకాఫీసులో నా పచ్చ పరదా

నేను సర్కారు నౌకరిలో చేరిన రోజు బోధన్ చెరకాఫీసులో ఉన్న మగవాళ్లంతా ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. పెద్ద గుమాస్తా, ఆయన కింద ముగ్గురు గుమాస్తాలు, అందరూ. చప్రాసి మాత్రం అప్పటికే నిలబడి ఉన్నాడు. అందరూ లేచాక తనేం చేయాలో తోచక బల్ల మీద కూర్చుండిపోయాడు. నా వెనక బాపు, బాపు చేతిలో నా టిఫిను డబ్బా, నా చేతిలో ఆర్డరు కాగితం. ఆ కాగితంలో నా పేరు ముందు కుమారి అని స్పష్టంగానే ఉంది. దాని నకలు వారం ముందే వాళ్లకూ వచ్చింది. ఆడపిల్లను చెరకాఫీసుకు పంపేంత తెలివితక్కువవాళ్లు పై ఆఫీసులో ఉండరన్న నమ్మకంతో, అది టైపు కొట్టినవాడి పొరపాటని అనుకున్నారట.

అరవైల మొదట్లో సంగతి ఇది. నిజామాబాద్ గంజ్‌లో మా బాపు పసుపు తూచే కాంటా పట్టేవాడు. నేను ఆయనకు ఒక్కదాన్నే. మెట్రిక్ చదివించాడు, టైపు నేర్పించాడు. ఉద్యోగం రాకముందే "మా పిల్ల సర్కారుల పనిచేస్తది" అని గంజ్ అంతా చెప్పిపెట్టుకున్నాడు. అమ్మకు మాత్రం ఈ వ్యవహారం నచ్చలేదు. సిరికొండలో ఆమె తమ్ముడి కొడుకు ఉన్నాడు. మంచివాడే, కాదనను. నోరు తెరిస్తే తన ఎద్దుల గురించి తప్ప ఇంకేదీ మాట్లాడడు, అంతే. అమ్మ నాకో గడువు పెట్టింది. ప్రొబేషన్ రెండేళ్లు. ఆలోపు పర్మనెంటు అయితే ఆమె ఇంక పెళ్లి మాట ఎత్తదు. కాకపోతే నేను సిరికొండ వెళ్లి జన్మంతా ఎద్దుల ముచ్చట వినాలి. నాకు ఆ ఉద్యోగం కావాలి. పొద్దున్నే బోధన్ బస్సెక్కి, హాజరుపట్టీలో నా పేరున్న చోటికి పోవడం నాకు ఇష్టం. ఆ ఇష్టాన్ని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు గానీ, అది మాత్రం నిజం.

పెద్ద గుమాస్తాను అందరూ సాబ్ అనేవాళ్లు. నిజాం కాలం నుంచి దఫ్తర్లో ఉన్న మనిషి. ఎండాకాలంలోనూ షేర్వాణీ గుండీలు మెడదాకా పెట్టుకునేవాడు. బతుకంతా ఉర్దూలో రాసి, రాష్ట్రం మారాక యాభైకి దగ్గరపడ్డ వయసులో కూర్చుని తెలుగు అక్షరాలు దిద్దుకున్నాడు. ఆయన తెలుగు చదువుతుంటే పెదవులు కదిలేవి. అది చూసి కుర్ర గుమాస్తాలు ముసిముసిగా నవ్వుకునేవాళ్లు. ఆయన చూసీ చూడనట్టు ఊరుకునేవాడు.

నన్నెక్కడ కూర్చోబెట్టాలన్న విషయం మీద ఆ మొదటి రోజు నలుగురూ ఒక మూలకు పోయి అరగంట మంతనాలాడారు. నాకు అర్థం కాకూడదని ఉర్దూలో మాట్లాడుకున్నారు. నిజామాబాద్‌లో పుట్టి పెరిగినదానికి ఉర్దూ రాదనుకున్న ఆ అమాయకత్వానికి నేను తల వంచుకుని నవ్వు ఆపుకున్నాను. మగవాళ్ల పక్కన మేజ వేస్తే లోకం ఏమంటుంది, విడిగా వేస్తే ఎలుకలున్న రికార్డు గదే దిక్కు, అదీ వాళ్ల ఇబ్బంది. చివరికి సాబ్ తన చేతుల కుర్సీ నాకిచ్చి, తను ముక్కాలి పీట మీద కూర్చున్నాడు. నేను వద్దంటే, "మీరు మా బేటీ లెక్క. కూసోండ్రి" అన్నాడు.

మూడో రోజు వెళ్లేసరికి నా మేజ చుట్టూ పరదా.

"మీకు తక్లీఫ్ కావద్దని బందోబస్తు చేసినం" అన్నాడు సాబ్, ఎంతో సంతోషంగా. గోడకు రెండు మేకులు కొట్టి, కిటికీ ఊచకు తాడు కట్టి, చక్కెర బస్తాలు విప్పి కుట్టిన గోనెపట్టా వేలాడదీశారు. ఆయన కళ్లలో నాకోసం ఏదో గొప్ప పని చేశానన్న వెలుగు. మనిషిని అంత మర్యాదగా మూట కట్టేయవచ్చని నాకప్పుడే తెలిసింది. నోటిదాకా వచ్చిన మాటను మింగేశాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది గానీ, ఆ ముసలాయన ముఖం చూస్తే అది అక్కడే ఆగిపోయింది.

ఆ గోనెలో మిగిలిన చక్కెర కోసం చీమలు బారులు కట్టాయి. వారం రోజులు నేను ఫైళ్లు రాస్తూ, చీమలు దులుపుకుంటూ గడిపాను. అది తెలిసి సాబ్ నొచ్చుకుని, ఇంట్లో బేగం చేత పచ్చరంగు గుడ్డతో కొత్త పరదా కుట్టించి తెచ్చాడు. అంచుకు సన్నటి ఎర్ర పట్టీ కూడా వేయించాడు. మర్యాద రోజురోజుకూ ముదురుతోంది.

పరదా కింద జానెడు ఖాళీ ఉండేది. నా లోకం ఆ జానెడే. దాంట్లోంచి పాదాలు కనబడేవి. సాబ్‌వి ముక్కు పైకి తిరిగిన జోళ్లు. గుమాస్తాల్లో ఒకాయన కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినవాడు, ఆయనవి ఎప్పుడూ పాలిష్ చేసిన బూట్లు. చప్రాసివి ఒట్టి కాళ్లు. రైతుల కాళ్లకైతే అంతు లేదు. కొన్ని వారాలకే కాళ్లను బట్టి మనిషిని చెప్పగలిగాను. రెంజల్ వైపు నల్లరేగడి మట్టి ఎండితే పెచ్చులుగా ఉంటుంది, నీళ్లు పారే రుద్రూర్ చెరకు ఫారం మీదుగా వచ్చినవాళ్ల కాళ్లకు తడి ఆరదు. ఈ విద్య చూసుకుని నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

నా దగ్గరికి రావాలంటే ముందు దగ్గాలి. ఆ పద్ధతి చప్రాసి కనిపెట్టాడు. ఆదివారం చర్చిలో పాటలు పాడే గొంతు ఆయనది. మూడుసార్లు దగ్గి, ఆగి, "అమ్మా, కాయితం" అనేవాడు. అది చూసి గుమాస్తాలూ దగ్గడం నేర్చుకున్నారు. ఒక చలికాలం అందరికీ నిజంగానే పడిశం పట్టినప్పుడు, పొద్దంతా ఎవరో వస్తున్నారనుకుని నేను కొంగు సర్దుకుంటూనే ఉన్నాను. ఇంక పిలవడమంటారా, నన్ను ఏమని పిలవాలో ఎవరికీ తేలలేదు. అక్కా అంటే వయసు చాలదు, అమ్మా అంటే మరీ ఎక్కువ, పేరు పెట్టి పిలిస్తే ప్రళయం. అందుకని గాల్లోకి మాట్లాడేవాళ్లు. "గా రుద్రూర్ ఫైలు జర గిటు వస్తే మంచిగుండు" అని ఒకాయన పైకప్పు వైపు చూసి అనేవాడు. పైకప్పుకు బదులు నేను ఫైలు అందించేదాన్ని.

పదకొండుకు చాయ వచ్చేది. వాళ్లకు గాజు గ్లాసుల్లో, నాకు పింగాణీ కప్పులో, కప్పు మీద సాసరు మూత. ఆ కప్పు కడిగి, తుడిచి, తెచ్చి, దగ్గి, లోపలికి అందించేసరికి చాయ చల్లారి తొరక కట్టేది. అందరికంటే గౌరవంగా నేనొక్కదాన్నే చల్లటి చాయ తాగేదాన్ని.

ఇవన్నీ నవ్వుకుని ఊరుకోదగ్గవే. ఒకటి మాత్రం గుచ్చుకుంది. ఓ మధ్యాహ్నం కోస్తా గుమాస్తా తమ ఊళ్లో ఒక పెళ్లికొడుకు ముహూర్తం వేళకు వేరే పందిట్లో పోయి కూర్చున్న సంగతి చెబుతున్నాడు. ఆ మాటకు ఆఫీసంతా పడీపడీ నవ్వింది. నేనూ పరదా వెనక నుంచి గట్టిగా నవ్వాను. అంతే, చప్పుడు ఆగిపోయింది. నేను అక్కడున్న సంగతి వాళ్లకు అప్పుడు గుర్తుకొచ్చినట్టుంది. మర్నాటి నుంచి ముచ్చట్లు చెప్పుకోవాలంటే బయట వేపచెట్టు కిందికి పోవడం మొదలుపెట్టారు. వాళ్ల నవ్వు దూరంగా వినబడేది. నేను లోపల పచ్చగుడ్డను చూస్తూ కూర్చునేదాన్ని. వాళ్లు మొదటిసారి అలా బయటికి పోయిన రోజు మాత్రం ఏడ్చాను. ఆ గదిలో కుర్సీకున్న చోటు కూడా నాకు లేదనిపించింది.

అలా ఏడాది గడిచింది. నాకిచ్చిన పనల్లా వాళ్లు రాసినదానికి మంచి నకలు తీయడం. ఒకరోజు సాబ్ మూడుసార్లు దగ్గి లోపలికి వచ్చి, చేతులు నులుముకుంటూ నిలబడ్డాడు. పై ఆఫీసు నుంచి నా ప్రొబేషన్ కాగితం తిరిగొచ్చిందట. ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లు ఒక సీటు సొంతంగా నడపాలి, వచ్చిన రైతులతో మాట్లాడాలి, అప్పుడే పర్మనెంటు. నా పేరు కింద ఆ గడి ఖాళీ. "ఆడపిల్ల గనుక మినహాయింపు ఇయ్యాలె అని నేను రాసిన, బేటీ. వాళ్లు ఒప్పుకోలె" అన్నాడు. పాపం, ఆ మినహాయింపు కూడా నాకోసమే రాశాడు. ఆయన దయ వల్లే నేను సిరికొండ చేరేలా ఉన్నాను.

"నాకు సీటియ్యండి సాబ్" అన్నాను.

"రైతులతోని ఎట్ల మాట్లాడ్తరు? మోటుగ ఉంటరు. నోటికెంతొస్తె గంత అంటరు."

"మా బాపు గంజ్‌ల కాంటా పడ్తడు సాబ్. గంజ్‌ల ఇనని మాట నేను చెరకాఫీసుల ఇనబోను."

ఆయన రెండు రోజులు ఆలోచించాడు. రెంజల్ వైపు ఊళ్ల సీటు అప్పుడు ఖాళీగా ఉంది, ముగ్గురు గుమాస్తాలూ దాన్ని తలా కొంత చూస్తున్నారు. చెరకు నరికేందుకు ఒక్కో రైతుకు తారీఖు వేసిన చిట్టీ ఇవ్వడం ఆ సీటు పని. చిట్టీ లేనిదే మిల్లు గేటు దగ్గర బండి లోపలికి పోదు. చివరికి సాబ్ ఒక దారి కనిపెట్టాడు. సీటు నాదే, పరదా ఉంటుంది. రైతులు పరదాతో మాట్లాడతారు, నేను సందులోంచి చిట్టీ అందిస్తాను. నాకు నవ్వొచ్చింది గానీ, గడి నిండుతుందంటే ఏదైతేనేం అని ఒప్పుకున్నాను.

తర్వాత జరిగింది ఎవరూ ఊహించలేదు. పరదా వెనక కూర్చునేవాళ్లంటే ఆ ఊళ్లవాళ్లకు తెలిసినది దొరలు కాపురముండే గడీల్లోని పెద్దవాళ్లే. ఆఫీసులో మిగతావాళ్లంతా బయట కూర్చుని ఉంటే ఒక్కరు మాత్రం పరదాలో ఉన్నారంటే, అందరికంటే పెద్ద ఆఫీసరు వాళ్లేనని రైతులు తేల్చుకున్నారు. కొందరు చెప్పులు బయట విడిచి రావడం మొదలుపెట్టారు. కొందరు తలపాగా తీసి పరదాకు దండం పెట్టేవాళ్లు. మరాఠీ మాట్లాడే ఒక పెద్దాయన ప్రతిసారీ పరదాను "సర్కార్" అనేవాడు. నేను సన్నగా మాట్లాడినా వాళ్ల నమ్మకం చెదరలేదు, పెద్దవాళ్లు చిన్నగానే మాట్లాడతారు కదా అనుకున్నారట. రుద్రూర్ వైపువాళ్లు సైతం తమ గుమాస్తాను వదిలి నా పరదా ముందుకొచ్చి నిలబడ్డారు. ముగ్గురు గుమాస్తాలు ఖాళీ మేజల ముందు కూర్చుని నా లైను చూస్తూ ఉండేవాళ్లు.

నిజం చెప్పాలి. నాకది బాగా నచ్చింది. ఏడాదిపాటు నన్ను ఉన్నా లేనట్టు చేసిన పరదాయే ఇప్పుడు పెద్దదాన్ని చేసింది. పరదా తీసేద్దామని సాబ్‌ను అడగాలనుకున్నదాన్ని, ఆ మాటే మరిచిపోయాను. కాళ్లు చూసి ఎవరో చెప్పే నా విద్య కూడా ముదిరింది. పేరు అడగకముందే, "ఫలానా ఊరి నుంచి కదా" అని చిట్టీ సందులోంచి చాచేదాన్ని. అవతల రైతు నోరెళ్లబెట్టడం నాకు కనబడదు గానీ, వినబడినట్టే ఉండేది.

ఆ చలికాలంలో ఒక పొద్దున, దగ్గూ లేదు పిలుపూ లేదు, పరదా అంచు పట్టి ఎవరో సర్రున పక్కకు లాగారు. ఎదురుగా ఒక ముసలవ్వ. బొట్టంత పచ్చబొట్టు నుదుట, చేతిలో కర్ర. నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"గిదేంది బిడ్డా, గీ బట్టెందుకు కట్టుకున్నవు? బాలింతవా?"

అవతల ముగ్గురు గుమాస్తాల్లో ఒకరికి పొలమారింది. నేను జవాబు చెప్పేలోపు ఆమె లోపలికొచ్చి నా మేజకు ఆనుకుని కింద కూర్చుంది.

"పెద్దసారు ఈడుంటడన్నరు. ఏడి? నా సెరుకు నరికి మూడు దినాలాయె. సావిడికాడ తారీఖు సదివిండ్రని కూలోళ్లను పెట్టి నరికిచ్చిన. సిట్టీ అయితే రాకపాయె. మడిల ఎండుతున్నది. నా కొడుకేమో జెరమొచ్చి పండుకున్నడు."

రెంజల్ పక్క ఊరు, ఆమె పేరు చెప్పింది. రిజిస్టరు తీశాను. ఆమె చిట్టీ ఐదు రోజుల కిందటే ఇచ్చినట్టు నా రాతలోనే ఉంది. నాకు గుర్తొచ్చింది. టైరు చెప్పులు, ఎడమదానికి తెగిన పట్టెను రాగితీగతో కుట్టిన జత. ఆమె కొడుకు చెప్పులవి, అంతకుముందు రెండుసార్లు చూశాను. "మా సిట్టీ వచ్చిందా" అని గొంతు వినబడగానే, పేరు అడగకుండా గర్వంగా ఇచ్చేశాను.

"నీ కొడుకే వచ్చి తీసుకపోయిండు గదా అవ్వా. ఎడమ చెప్పుకు రాగితీగ లేదా?"

"ఉంటది. సెప్పులు నా కొడుకువే. మా వాడకంత గా ఒక్క జతే మంచిది. ఎవ్వలు బోదను పోయినా గవ్వే ఏసుకొని పోతరు" అంది, ఇంతమాత్రం తెలియదా అన్నట్టు.

నా విద్య అంతా ఆ ఒక్క మాటతో తేలిపోయింది. చిట్టీల డబ్బా వెతికితే ఆమె పొరుగాయన చిట్టీ అక్కడే ఉంది, ఇంకా పది రోజుల తర్వాతి తారీఖుతో. ఆయన తన చిట్టీ కోసమే వచ్చాడు, చదువు రాదు, చేతికిచ్చింది తీసుకుపోయాడు, తన చెరకు మిల్లుకు తోలుకున్నాడు. ఆయన తప్పేమీ లేదు. ఈమె చెరకు నరికి మడిలో పడి ఉంది. ఇంకో రెండు రోజులైతే పనికిరాదు.

ముసలవ్వను చెయ్యి పట్టుకుని లేపి బయటికి తీసుకొచ్చాను. రైతులంతా ఉన్న వేళ నేను ఆ గదిలో నడవడం అదే మొదటిసారి. లైనులో ఉన్నవాళ్లు పెద్దసారు ఏడని నా వెనకకు తొంగి చూశారు. సాబ్ మేజ ముందు నిలబడి జరిగింది చెప్పాను. తారీఖుతో పని లేకుండా అప్పటికప్పుడు చిట్టీ ఇచ్చే అధికారం ఆయనకుంది. అయితే దానికి కారణం ఒక రిజిస్టరులో రాయాలి, ఆ రిజిస్టరును తనిఖీకి వచ్చే పెద్దాఫీసరు మొట్టమొదట అడుగుతాడు. తనిఖీ ఆ శనివారమే. నా ప్రొబేషన్ కాగితం మీద సంతకం పెట్టేదీ ఆయనే.

కోస్తా గుమాస్తా నా పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు. మొదటిసారి గాల్లోకి కాకుండా నాతోనే అన్నాడు. "రైతు ఆలస్యంగా వచ్చాడని రాసెయ్యండి. మేమంతా అదే రాస్తాం. ఎవరూ అడగరు."

ఆ మాట నాకు చేదుగా వినబడిందని చెప్పుకుంటే బాగుంటుంది. కానీ తియ్యగానే వినబడింది. ముసలవ్వకు చదువు రాదు. ఆమెకు చిట్టీ వస్తుంది, నాకు ఉద్యోగం ఉంటుంది, సిరికొండ ఎద్దులు సిరికొండలోనే ఉంటాయి. కలం పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ముసలవ్వ మేజ మీద చెయ్యి ఆనించి, నేను ఏం రాస్తానో చూస్తోంది. చదవలేని రాతను అంత నమ్మకంగా చూస్తున్న మనిషి ముందు అబద్ధం రాయడానికి నాకు చెయ్యి రాలేదు. "చిట్టీ ఇచ్చిన గుమాస్తా రైతు పేరు అడగలేదు, ముఖం చూడలేదు. తప్పు గుమాస్తాది" అని రాసి, కింద నా పేరు రాశాను.

సాబ్ రిజిస్టరు తన వైపు తిప్పుకున్నాడు. పెదవులు కదుపుతూ ఒక్కొక్క అక్షరం చదివాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. చదవడం అయ్యాక కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, నా రాత కింద తన గుండ్రటి తెలుగులో ఒక వాక్యం రాశాడు. "ముఖం చూడకుండా మధ్యన పరదా కట్టించినది నేను." కింద దస్తఖత్ చేశాడు. ముసలవ్వకు చిట్టీ రాసి చేతికిచ్చి, చప్రాసి వైపు తిరిగాడు.

"పరదా ఇప్పు."

చప్రాసి పరదా దగ్గరికి పోయి, లోపల ఎవరూ లేకపోయినా అలవాటు కొద్దీ మూడుసార్లు దగ్గి, తాడు విప్పాడు. ముసలవ్వ తలుపు దగ్గర ఆగి వెనక్కి చూసింది. "పురుడెల్లింది పొండ్రి" అని చెప్పి, చిట్టీ కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది. అప్పుడు ముందుగా నవ్వింది సాబే.

ఆ పరదా మడత పెట్టి సాబ్ ఇంటికి చప్రాసి తీసుకెళ్తే, బేగం అడిగిందట, ఆఫీసు కిటికీకి గుడ్డ ఎందుకు వద్దనుకున్నారని. దఫ్తర్లో ఒక ఆడపిల్ల పనిచేస్తోందని భార్యకు చెప్పడానికి మొహమాటపడి, సాబ్ ఆమెతో కిటికీ పరదా అని కుట్టించాడన్నమాట. సంగతంతా విన్నాక ఆమె నాకు గిన్నెడు సేమియా పాయసం పంపింది. సాబ్‌కు ఏం వడ్డించిందో ఆయన చెప్పలేదు.

పరదా పోయాక అందరికంటే నిరాశ పడ్డవాళ్లు రైతులే. ఒకాయన నా ముందుకొచ్చి, నన్నొకసారి, గోడనొకసారి చూసి, "పెద్దసారు ఏడ పోయిండు?" అని అడిగాడు. "బదిలీ అయిండు" అన్నాను. "మంచి సారుండె" అని నిట్టూర్చి, రుద్రూర్ గుమాస్తా దగ్గరికి పోయాడు. నా లైను సగానికి తగ్గింది. ఉన్న సగానికీ ముఖం చూసి, పేరు అడిగి, తండ్రి పేరు కూడా అడిగి చిట్టీ ఇచ్చాను.

శనివారం నిజామాబాద్ నుంచి పెద్దాఫీసరు వచ్చాడు. కారణాల రిజిస్టరు తెరిచి ఆ పేజీ దగ్గర ఆగాడు. సాబ్‌నూ నన్నూ పిలిపించాడు. నేను కొంగు సర్దుకుని సాబ్ వెనకే వెళ్లి నిలబడ్డాను.

"మీరు ఇంకో నాలుగు నెలలల్ల రిటైరైతరు. ఈ లైను ఎందుకు రాసుకున్నరు సాబ్? కొట్టెయ్యండి" అన్నాడు ఆఫీసరు.

"నిజమే రాసిన సార్. ఉండనియ్యండి."

ఆఫీసరు నా కాగితం తీశాడు. "మరి ఈమెదో? సీటిచ్చిన మొదటి సీజన్ల తప్పు చేసిన అని తనే దస్తఖత్ చేసింది. పర్మనెంటు చెయ్యమని మీరేమో సిఫారసు రాసిండ్రు. ఎట్ల చెయ్యాలె?"

సాబ్ షేర్వాణీ కాలరు సర్దుకున్నాడు. "ముప్పై ఏండ్ల సంది నేను దఫ్తర్ల ఉన్న సార్. తప్పులు అందరం చేసినం. తప్పు చేసి తప్పు నాది అని రాసినోళ్లు మా రిజిస్టర్ల ఈ ఒక్కతే. అంతకుముందు ఎవ్వలు రాయలె. నేను సుత రాయలె."

ఆఫీసరు ఇంకోసారి పేజీ చూసి, నా కాగితం మీద సంతకం పెట్టి, సిరా ఆరేందుకు పక్కన ఉంచాడు. తర్వాతి ఫైలు అడిగాడు. నేను బయటికొచ్చి తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాను. కళ్లనీళ్లు ఆగలేదు, సంతోషంతోనే.

వెనకాలే సాబ్ వచ్చాడు. ఆయన ముగ్గురు గుమాస్తాలను రోజూ తిట్టేవాడు. ఆలస్యంగా వచ్చినా, సిరా ఒలికించినా, ఊరికే కూర్చున్నా నువ్వు అని మొదలుపెట్టి వాయించేవాడు. నన్ను మాత్రం ఏనాడూ మీరు తప్ప ఇంకో మాట అనలేదు. ఆ రోజు నన్ను చూసి కళ్లెర్రజేశాడు.

"ఏందిక్కడ నిలబడి ఏడ్సుడు? ఆడ దర్వాజదాంక రైతులు లైను కట్టిండ్రు, కనబడ్తలేదా నీకు? దిమాగ్ ఖరాబ్ చెయ్యకు. పోయి సీట్ల కూసో పో."

ముగ్గురు గుమాస్తాలూ తలలు వంచుకుని నవ్వుకున్నారు. నేను కళ్లు తుడుచుకుని సీటుకు పరిగెత్తాను.

ఇల్లు చేరాక, పర్మనెంటు అయిన సంగతి కంటే ముందు బాపుకు ఆ తిట్టే చెప్పాను. సాబ్ నన్ను నువ్వు అన్నాడని, అందరి ముందూ దిమాగ్ ఖరాబ్ చెయ్యకన్నాడని, ఒక్క మాట వదలకుండా చెప్పాను. బాపు వింటూ వింటూ నవ్వాడు. పొయ్యి దగ్గరున్న అమ్మకు వినబడేలా గట్టిగా, "తిట్టిండంటే నౌకరి పక్కా అయినట్టే" అన్నాడు.